టీవీని నిద్ర లేపే ఒక్క బిట్

2023లో టెలికాం శాఖ టెస్ట్ అలర్ట్ పంపినప్పుడు ఫోన్ గట్టిగా కూతపెట్టి చాలామంది ఉలిక్కిపడ్డారు, గుర్తుందా? ఈరోజు అదే పని టీవీ ఎలా చేస్తుందో చూద్దాం.

"చేతిలో ఫోన్ ఉండగా టీవీ ఎందుకు బ్రో?" అంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన వైజాగ్ వాళ్లని అడగండి, సెల్ సిగ్నల్ ఏమైందో చెప్తారు. కరెంటు పోతే టీవీ కూడా పోతుంది కదా అంటే, నిజమే. అందుకే హెచ్చరిక ముందే రావాలి, ఒకటి కంటే ఎక్కువ దారుల్లో రావాలి.

ఇప్పుడు జపాన్ సంగతి. అక్కడి డిజిటల్ టీవీ స్టాండర్డ్ పేరు ఐఎస్‌డీబీ-టీ. బొమ్మ, సౌండ్‌తో పాటు సిగ్నల్‌లో కొంత కంట్రోల్ సమాచారం కూడా వస్తుంది. అందులో ఒకే ఒక్క బిట్‌ని ఎమర్జెన్సీ కోసం కేటాయించారు. మామూలు రోజుల్లో అది సున్నా. సునామీ హెచ్చరిక వస్తే ఒకటి. ఆ సదుపాయం ఉన్న టీవీ స్టాండ్‌బైలో ఉన్నా ఆ ఒక్క బిట్‌ని గమనిస్తూనే ఉంటుంది. ఒకటి కనబడగానే లేచి, అలర్ట్‌లో ఉన్న ఏరియా కోడ్‌ని తన ఏరియా కోడ్‌తో పోల్చుకుంటుంది. కలిస్తే హెచ్చరిక చూపిస్తుంది, లేకపోతే మళ్లీ పడుకుంటుంది. అర్ధరాత్రి అందరూ నిద్రలో ఉన్నప్పుడు ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి!

ఈ రూల్స్ అన్నీ పబ్లిష్ చేసిన డాక్యుమెంట్లలో ఉన్నాయి. ఏ కంపెనీ అయినా చదివి టీవీ తయారు చేయొచ్చు. 2009లో పెరూ, చిలీ ఇదే స్టాండర్డ్ తీసుకున్నాయి. వాళ్లదీ, జపాన్‌దీ ఒకే మహాసముద్రం. 1960లో చిలీలో భూకంపం వస్తే, దాదాపు ఒక రోజు తర్వాత సునామీ జపాన్ తీరాన్ని తాకింది, వంద మందికి పైగా చనిపోయారు.

సరే, టీవీ లేచింది. మరి దానికి మెసేజ్ ఎవరు రాసిస్తారు? ఇక్కడ క్యాప్ వస్తుంది, అంటే కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్. ఇప్పుడు వాడే 1.2 వెర్షన్ 2010లో వచ్చింది. ఇది ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్, అంతే. ప్రమాదం ఏంటి, ఎంత తీవ్రం, మ్యాప్ మీద ఏ ఏరియా, జనం ఏం చేయాలి, అన్నిటికీ విడివిడిగా గళ్లు ఉంటాయి. ఒకే అలర్ట్‌లో తెలుగు, ఒడియా రెండూ పెట్టొచ్చు. మన దేశంలో సచేత్ నడిచేది కూడా దీని మీదే. ఒకసారి రాస్తే ఫోన్, టీవీ, సైరన్ ఏదైనా చదువుకుంటుంది. ఎవరో పీడీఎఫ్ చూసి స్క్రోలింగ్‌లో మళ్లీ టైప్ చేస్తూ ఊరి పేరు తప్పు కొట్టే గొడవ ఉండదు.

"ఓపెన్ అంటే ఎవడైనా పంపేయొచ్చా?" మంచి డౌటే. 2013 ఫిబ్రవరిలో అమెరికాలోని మోంటానాలో ఒక టీవీ ఛానల్‌లో, శవాలు సమాధుల్లోంచి లేచి జనం మీద పడుతున్నాయని అలర్ట్ వచ్చింది! తప్పు స్టాండర్డ్‌ది కాదు. క్యాప్‌లో డిజిటల్ సంతకానికి చోటుంది, పంపింది ఎవరో చెక్ చేసుకోవచ్చు. అక్కడ అలర్ట్ బాక్సులకి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా అలాగే నెట్‌కి కలిపేశారు. వెంటనే మార్చుకోండని ఎఫ్‌సీసీ ఛానళ్లకి అర్జెంటుగా చెప్పాల్సొచ్చింది. మీ ఇంటి వైఫై రూటర్ పాస్‌వర్డ్ మార్చారా? కామెంట్‌లో చెప్పండి. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి బాబూ!