స్నేహపు బెంచీ

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గట్టు తగవైనను, వాటాల పేచీయైనను ఊరివారు ముందుగా మీ గుమ్మమునకే వత్తురు. మీరు విని తీర్పు చెప్పుదురు. కాని తీర్పునకు లొంగని బాధ యొకటి కలదు. నిద్ర పట్టదు, అన్నము సయింపదు. అడిగినచో ‘ఏమియు లేద’ందురు. అట్టివారి మాట వినుటయే పనిగా గలవారికి దొరకు తృప్తిని గూర్చి నేడు మనవి చేసెదను.

ఇందుకు ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమును ఎన్నుకొంటిని. అచ్చట ఈ పని చేయువారు మన యిండ్లలోని అవ్వలవంటివారే.

2005లో, రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అను మానసిక వైద్యుని చికిత్సలోనున్న యువతి యొకతె ప్రాణము తీసికొనెను. ఆసుపత్రికి వచ్చుటకు ఆమెకు బస్సు ఖర్చు లేకపోయెనట! రోగి రాలేనిచో వైద్యమే కదలవలెనని ఆయన తలచెను. దేశమంతటికి మానసిక వైద్యులు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందే. అందుచే 2006లో ఎంబారే పేటలో 14 మంది అవ్వలకు శిక్షణ యిచ్చి, ఆరోగ్యకేంద్రపు ఆవరణలో చెట్టు క్రింద బెంచీ వేయించెను.

మొదట దానిని మానసిక ఆరోగ్యపు బెంచీ యనగా ఎవరును దరిచేరలేదు. పిచ్చివాడనిపించుకొనుట ఎవరికిష్టము? ‘స్నేహపు బెంచీ’ యని పేరు మార్పించినది అవ్వలే. వ్యాధికి పుస్తకములలోని పేరును గూడ వారొప్పలేదు. వారి షోనా భాషలో ‘కుఫుంగిసిస’ యను మాట కలదు. అతిగా ఆలోచించుట యని యర్థము. మనవారు ‘మనసున దిగులు పెట్టుకొన్నాడు’ అనుటకిది చాల దగ్గర.

వచ్చినవాడు తన కష్టములన్నియు చెప్పుకొనును. అందొక్కదానిని ఎన్నుకొని, దానికొక చిన్న ఉపాయమును తానే వెదకుకొనును. ఇట్లు ఆరు మార్లు. ప్రాణాపాయము తోచినచో పై వైద్యమునకు పంపుదురు. 24 ఆరోగ్యకేంద్రములలో 573 మందిపై జరిపిన పరిశీలన 2016లో ప్రకటితమైనది. ఆరు నెలల పిమ్మట కుంగుబాటు లక్షణములు, మామూలు వైద్యము పొందినవారిలో నూటికి సుమారు 50 మందికుండగా, బెంచీకి వచ్చినవారిలో 14 మందికే మిగిలెను.

మరి అవ్వకేమి దక్కెను? ఎయిడ్సు వ్యాధి ఆ దేశమున ఎందరో తల్లులకు కడుపుకోత మిగిల్చినది. ఇంట మూలకు చేరవలసిన వయసున, తనకొరకొకరు వేచియున్నారన్నది చిన్న సంగతి కాదు. అయితే నా మట్టుకు అసలు తృప్తి మరియొకచోట నున్నదని తోచును. తాను చెప్పిన ఉపాయము కాక, ఎదుటివాడు తనంతట కనుగొన్న ఉపాయమును వచ్చే వారము వచ్చి చెప్పినప్పుడది కలుగును. నేను ప్రచారశాఖ వాడను, మాటలే నా జీవనము; నోరు మూసికొని వినుట యెంత కష్టమో నాకు తెలియును. తీర్పు చెప్ప నలవాటు పడిన మీకును తెలియకపోదు.

దినమును పరుల దుఃఖము వినువారి గుండె బరువెక్కును. కావుననే ఆ యవ్వలు తమలో తాము కూడి మాటలాడుకొందురు. వారిపై అనుభవజ్ఞుల పర్యవేక్షణయు కలదు.

మీ యూర ఎవరి అరుగుమీదకు జనము చేరుదురో మీరెరుగుదురు. ఆ తల్లిచేత 14416 అను సంఖ్యను వ్రాయించుడు. అది 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్. రాత్రింబవళ్లు, ఉచితముగా, తెలుగున పలుకును. ‘చచ్చిపోవలెనని యున్నది’ అను మాట ఆమె చెవిని పడిన నాడు, ఆ భారము ఆమె యొక్కతెయే మోయనక్కరలేదు.