చంకలో బిళ్ల: తేలేదాకా వదలని వైద్యం

 

ఈ రోజు పట్టాలు అందుకున్న యువ వైద్యుల్లో చాలామంది త్వరలోనే ఏదో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ చూస్తుంటారు. జ్వరాలు, దగ్గులు, బీపీ మాత్రల మధ్య ఒకామె వస్తుంది. చెప్పాల్సినవన్నీ చెప్పి, లేచి వెళ్లబోతూ, ‘‘చంకలో బిళ్ల కట్టిందండీ, నొప్పయితే లేదు’’ అంటుంది. నొప్పి లేదన్నదే ఆమెకు ధైర్యం. డాక్టరు చెవిన పడాల్సిన మాటా అదే. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

రొమ్ము ఎక్కడ ముగిసి చంక ఎక్కడ మొదలవుతుందో పైకి తెలియదు. రొమ్ము కణజాలం కొంత చంకలోకి సాగి ఉంటుంది. 19వ శతాబ్దపు ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ స్పెన్స్ పేరిట దాన్ని ‘స్పెన్స్ తోక’ అంటారు. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు సగం ఆ పక్కనున్న పై, బయటి భాగంలోనే పుడతాయి. రొమ్ములోని లింఫు ద్రవంలో అత్యధిక భాగం చేరేది చంకలోని గ్రంథులకే.

అలాగని అక్కడ తగిలేదల్లా క్యాన్సర్ కాదు. పాతికేళ్ల అమ్మాయికి వేళ్ల కింద అటూఇటూ జారిపోయే గడ్డ ఫైబ్రోఎడినోమా కావచ్చు. నలభై దాటినామెకు నీటితిత్తి, బాలింతకు పాలతో పాటు ఉబ్బే అదనపు రొమ్ము కణజాలం కావచ్చు. కొవ్వు గడ్డ, చేతి మీది పుండుకు కట్టిన బిళ్ల ఉండనే ఉన్నాయి. మన దేశంలో క్షయనూ మరిచిపోకూడదు. 2021లో కోవిడ్ టీకా వేసిన వైపు చంకలో గ్రంథులు ఉబ్బి, మామోగ్రాములు చూసే డాక్టర్లను తికమక పెట్టాయి. మరోపక్క, రొమ్ములో ఏమీ తగలకుండా చంకలో బిళ్లగా మాత్రమే బయటపడే రొమ్ము క్యాన్సర్ కూడా ఉంది. అరుదే, కానీ అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ 1907లోనే దాన్ని వర్ణించారు.

అందుకే ముందు చేత్తో చూడాలి. తెర వేసి, నర్సును పక్కన ఉంచుకుని, ఆమె చేయి పైకెత్తించి రొమ్ము పరీక్షించాలి. చంక చూసేటప్పుడు మాత్రం చేయి దించించి, ఆమె ముంజేతి బరువును డాక్టరు తన చేతి మీద మోయాలి. కండరం సడలితే తప్ప లోపలి బిళ్లలు అందవు. వేళ్లను చంక పైకొస దాకా పోనిచ్చి, పక్కటెముకల మీదుగా నెమ్మదిగా కిందికి తేవాలి. ఆ తర్వాత రెండో వైపు, కాలర్ ఎముక పైభాగం, బిళ్ల ఉన్న వైపు చేయి.

తర్వాతి మెట్టు స్కానింగ్. ముప్పై లోపు వారికి ముందు అల్ట్రాసౌండ్, నలభై దాటితే మామోగ్రాం కూడా. మామోగ్రాం బాగుందన్నా, చేతికి తగిలే గడ్డను అంతటితో వదలకూడదు. కొన్ని క్యాన్సర్లు అందులో కనబడవు. అనుమానం ఉంటే సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీ. చేయి, స్కాన్, సూది ఒకే మాట చెప్పాలి. పొంతన కుదరకపోతే పరీక్ష మళ్లీ మొదటికి రావాలి.

జరుగుతున్నది చాలాచోట్ల వేరు. ఒక కోర్సు యాంటీబయాటిక్, తగ్గలేదంటే ఇంకో కోర్సు. లేదా సూది పరీక్ష లేకుండానే గడ్డ కోసేసి, ముక్కను ల్యాబుకైనా పంపకపోవడం. ఆ తర్వాత అది క్యాన్సరని తేలితే, ఎంత మేర మిగిలిందో చెప్పడం కష్టం.

2022 అంచనాల ప్రకారం భారత్‌లో కొత్తగా సుమారు 1.92 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సుమారు 98 వేల మంది చనిపోయారు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో లక్షన్నర మంది మహిళలున్నారు. వారిలో ఒక వర్గానికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో వెలువడిన ఫలితాల్లో అన్ని వయసులూ కలిపితే మరణాల్లో తేడా గట్టిగా తేలలేదు. 50 దాటినవారిలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. అక్కడ వాడింది చేతులనే, ఖరీదైన యంత్రాలను కాదు.

ఈ పట్టభద్రులు వెళ్లే కేంద్రాల్లో మామోగ్రాం ఉండదు. రెఫరల్ చీటీ ఉంటుంది. అందులో ‘గడ్డ’ అని ఒక్క మాట రాస్తే చాలదు. ఏ వైపు, ఎంత సైజు, ఎన్నాళ్ల నుంచి, కదులుతోందా లేదా అన్నవి రాయాలి. ఆమె పట్నం వెళ్లిందా, రిపోర్టు వచ్చిందా అని ఆశా కార్యకర్తతో వాకబు చేయించాలి. కూలి పోతుందనో, తోడు వచ్చేవారు లేరనో ఆగిపోయేవారు చాలామంది. అలా ఆగినవారిని మళ్లీ కదిలించే పని కూడా ఈ రోజు పట్టా పుచ్చుకున్నవారిదే.