కరువుకు పేరు, పాలకునికి ప్రశ్న
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగనాడు ఆకలి ప్రస్తావన ఎందుకని ఎవరికైనా తోచవచ్చు. డెబ్భై అయిదేండ్లుగా అక్షరం నేర్పిన బడి, ఆ అక్షరం దేనికన్న ప్రశ్నకు కూడా సమాధానం చెప్పవలసి ఉంటుంది. అన్నం కరవైన వేళ బాధ్యులెవరో అడగగలగడం ఆ సమాధానాలలో ఒకటి.

'దుర్భిక్షం' అంటే భిక్ష దొరకని కాలం. తెలుగువారు తమ కరువులను సంవత్సరాల పేర్లతో గుర్తుంచుకొన్నారు. 1832-33లో గుంటూరు సీమను నాశనం చేసినది నందన కరువు. 1876-78లో దక్షిణాపథాన్ని కబళించినది ధాత కరువు. హల్దియాపదర్, బరంపురం ప్రాంతాలలో తెలుగువారికి ఇరుగుపొరుగైన ఒడియా సోదరులు 1866 నాటి క్షామాన్ని 'నఅంక దుర్భిక్షం' అన్నారు. పూరీ గజపతి పాలనలో అది తొమ్మిదవ అంకం కావడమే ఆ పేరుకు కారణం. ఈ పేర్లన్నింటిలో కాలం ఉంది, పాలకుడు లేడు. జనం తమకు తెలియకుండానే నిందను సంవత్సరంపై మోపి, మనిషిని విడిచిపెట్టారు.

అసలు జరిగినదేమిటో చూస్తే ఆ నింద ఎవరికి చెందవలసినదో తెలుస్తుంది. 1865లో వానలు ముందుగానే వెనుదిరిగాయి. ఒరిస్సా డివిజనులో ప్రధానమైన వరిపంట ఎండిపోయింది. నాడు ఆ డివిజను కలకత్తా ఏలుబడిలోను, గంజాం మద్రాసు ఏలుబడిలోను ఉండేవి. కటకంలో కమిషనరుగా ఉన్న రావెన్‌షా మొదట్లో వర్తకుల కొట్లలో ధాన్యం దాగి ఉందని భ్రమపడ్డాడు. 1866 ఆరంభంలో, సహాయపు పనులు చేసే కూలీలకు ఇవ్వడానికి బియ్యం తెప్పించవలెనని కోరాడు. కలకత్తాలోని రెవెన్యూ బోర్డు నిరాకరించింది. ధర పెరిగితే సరుకు దానంతటదే వస్తుందని, ప్రభుత్వం కల్పించుకొంటే చెరుపే జరుగుతుందని దాని వాదం. బజారు సూత్రం పుస్తకంలో బాగానే ఉంది. కొనుగోలుకు చేతిలో కాసు లేనివాని గుడిసెకు ఆ సూత్రం బియ్యం తేలేదు.

ఫిబ్రవరిలో లెఫ్టినెంటు గవర్నరు సర్ సెసిల్ బీడన్ ఒరిస్సా వచ్చాడు. ఇటువంటి విపత్తును ఆపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదన్న ధోరణిలో దర్బారులో మాట్లాడి వెళ్ళాడు. ఎండలు ముదిరాక దార్జిలింగు చేరాడు. మే నెలాఖరుకు గాని బియ్యం దిగుమతికి అనుమతి రాలేదు. అప్పటికే నైరుతి రుతుపవనం ముంచుకొచ్చింది. ఓడలు రేవు చేరలేవు, బండ్లు బురద దాటలేవు. ఆ విధంగా పోయిన ప్రాణాలు దాదాపు పది లక్షలని అంచనా.

గంజాం కూడా ఆ కరువును అనుభవించింది. 1866లో మద్రాసు గవర్నరుగా వచ్చిన నేపియర్ ప్రభువుకు మొదట ఎదురైన పెద్ద సమస్య ఈ జిల్లా ఆకలియే. ఆ విషయమై ఆయన ఫ్లారెన్స్ నైటింగేల్ సలహా కూడా కోరాడు. 1889 ప్రాంతంలో గంజాంకు మళ్ళీ క్షామం తప్పలేదు. శతాబ్దాంతానికి రూపుదిద్దుకొన్న రుషికుల్య కాలువలు ఈ ప్రాంతం ఆకలి నుండి నేర్చిన పాఠమని చెప్పవచ్చు.

ఇక జవాబుదారీ సంగతి. జార్జి క్యాంబెల్ అధ్యక్షతన విచారణ సంఘం కూర్చుంది. అధికారుల జాప్యాన్ని అది తప్పుబట్టింది. 1867లో బ్రిటిషు పార్లమెంటులో చర్చ జరిగింది. భారత వ్యవహారాల మంత్రిగా పనిచేసి, తర్వాత ఇంగ్లండు ప్రధానమంత్రి అయిన సాలిస్‌బరీ ప్రభువు, రెండు నెలలు తాను ఏమీ చేయకపోయానని కాలాంతరంలో పశ్చాత్తాపపడ్డాడు. అది గొప్ప మనస్సే. కాని చచ్చినవారికి పశ్చాత్తాపం గంజినీళ్ళు పోయదు. ఒక్క విషయం గమనింపదగినది. ఆ విచారణలో, ఆ చర్చలో ఒరిస్సా రైతుకు ఓటు లేదు. అతని ప్రశ్నను వేరొకరు, వేరొక దేశంలో, అతడు పోయిన తర్వాత అడిగారు.

1943లో బెంగాలు క్షామాన్ని ప్రభుత్వం కప్పిపుచ్చజూసినపుడు, కలకత్తా 'స్టేట్స్‌మన్' పత్రిక ఆకలిచావుల ఛాయాచిత్రాలను అచ్చువేసి ప్రపంచానికి చూపింది. స్వేచ్ఛగల పత్రికలు, ఎన్నికలు ఉన్నచోట పెద్ద క్షామాలు సంభవించవన్న అమర్త్యసేన్ వాదానికి ఆ అనుభవమూ ఒక పునాది. అయితే నిత్యం కొద్దికొద్దిగా చంపే ఆకలిని ఎన్నికలు మాత్రమే ఆపలేవు. 1985లో కిషన్ పట్నాయక్ కలహండి, కొరాపుట్ జిల్లాల దుఃస్థితిని లేఖ ద్వారా సుప్రీంకోర్టు ముందుంచవలసి వచ్చింది. 2001లో కాశీపూర్ కొండలలో మామిడి టెంకల పిండి తిని గిరిజనులు మరణించారు. అదే సంవత్సరం ప్రభుత్వ గిడ్డంగులలో ధాన్యం పేరుకొని ఉండగా, ఆకలిని ప్రశ్నిస్తూ పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నవంబరు 28న న్యాయస్థానం బడిపిల్లలకు వండిన మధ్యాహ్న భోజనం పెట్టవలెనని ఆదేశించింది. బడిలో విస్తరి ముందు కూర్చునే బిడ్డ ఎవరి దయకూ పాత్రుడు కాదు, తన హక్కును భుజిస్తున్నాడు.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఆ హక్కును మరింత విస్తరించింది. గ్రామీణులలో నూటికి డెబ్భై అయిదు మంది వరకు, పట్టణవాసులలో యాభై మంది వరకు, మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యానికి హక్కుదారులయ్యారు. ధాన్యం అందకపోతే భత్యం, ఫిర్యాదుకు జిల్లా అధికారి, ఆపై రాష్ట్ర ఆహార సంఘం, గ్రామంలో సామాజిక తనిఖీ, ఇవన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. చట్టం తాళంచెవి మాత్రమే. తలుపు తీయవలసినది పౌరుడు.

ఏ విపత్తులోనైనా పాలకుని అడగవలసిన ప్రశ్నలను 1866 నేర్పింది. పంట పోయిందని ఎప్పుడు తెలిసింది? సహాయం కావాలని ఎవరు అడిగారు? కాదన్నది ఎవరు, ఏ కారణం చూపి? దారులు మూసుకొనే లోపల ఎన్ని బస్తాలు కదిలాయి? ఈ నాలుగింటికీ తేదీలతో, అంకెలతో, పేర్లతో జవాబు రావాలి. 'ప్రకృతి వైపరీత్యం' అన్నది వానకు చెల్లే జవాబు, బియ్యానికి చెల్లదు. ఈ ప్రశ్నలు ద్వేషంతో అడిగేవి కావు. నిజాయితీగా పనిచేసిన అధికారికి అవే రక్ష. రావెన్‌షా తన తొలి భ్రమను దాటి బియ్యం అడిగాడన్న సంగతి కాగితంపై ఉండబట్టే చరిత్ర అతనిని బీడన్‌తో కలిపి తూచలేదు. కటకంలోని విద్యాసంస్థ నేటికీ ఆయన పేరుతో నిలిచి ఉంది.

చిరంజీవులారా! మీలో కొందరు రేపు అధికారులవుతారు, కొందరు ప్రజాప్రతినిధులు కావచ్చు. ఓటర్లు మాత్రం అందరూ అవుతారు. ఊరిలో ఒక పొయ్యి వెలగలేదని తెలిసిననాడు, ఆ సంగతిని తేదీతో సహా వ్రాసి, అడగవలసినవారిని అడగండి. ఇకముందు ఏ కరువుకూ సంవత్సరం పేరు పెట్టవలసిన అవసరం రాకూడదు. అది మీ చేతుల్లో ఉన్న పని.

స్వస్తి.