హౌస్ అంటే ఇల్లేనా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి ఫోన్ చేసి "అన్నా, పది నిమిషాలు ఏదన్నా ఇంజనీరింగు విషయం మాట్లాడు" అన్నాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంజనీరింగు మొదలుపెడితే మీ చూపులు భోజనాల షామియానా వైపు పోతాయని నాకు తెలుసు. అందుకని నలభై ఏళ్ల కిందట ఇదే బడిలో నాకు ఇచ్చిన ఒక హోంవర్కు గురించి చెప్తాను. అప్పుడు సగమే చేశాను.

ఎనిమిదో తరగతిలో, 1982లో, మా ఇంగ్లీషు సారు 'మై హౌస్' అని కాంపోజిషన్ రాసుకు రమ్మన్నారు. గైడులో ఉన్నది అందరూ దించారు. ఆ గైడు ప్రకారం మా క్లాసులో నలభై రెండు మందికీ నాలుగు గదులు, ముందర పూలతోట ఉన్న ఇళ్లు ఉన్నాయి. నేను దించలేదు. నిజాయితీ వల్ల అనుకోకండి. మాకు ఇల్లు లేదని మా నాయిన రోజూ చెప్పేవాడు కాబట్టి దించలేదు.

మా నాయిన కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. మేము ఉన్నది రైల్వే క్వార్టరులో. అర్ర ఒకటి, వెనక చిన్న వసారా, ముందు ఒక వేపచెట్టు. నాయిన దాన్ని ఏనాడూ ఇల్లు అనలేదు. "క్వార్టరుకు పోదాం పా" అనేవాడు. గోడకు మొల కొట్టనిచ్చేవాడు కాదు. "గిది మనది కాదురా, సర్కారుది. రేపు ఖాళీ చేసేటప్పుడు గోడ ఎట్ల ఇచ్చిండ్రో అట్లనే అప్పజెప్పాలె" అనేవాడు. మా క్యాలెండరు ఎప్పుడూ కిటికీ ఊచకు వేలాడేది. దేవుని పటాలు గూట్లో నిలబడేవి. మా అమ్మ మాత్రం నవ్వుతూ, "వంటిల్లు, నట్టిల్లు, పడకటిల్లు, మూడిండ్లున్నయి మనకు, అన్నీ ఒక్క అర్రలనే" అనేది.

అందుకని నేను 'మై హౌస్' అంటే బ్లూ హౌస్ అని రాశాను. మన బడిలో రెడ్డు, బ్లూ, గ్రీను, యెల్లో హౌసులు ఉండేవి కదా. మా హౌసులో నూట ఇరవై మంది ఉంటారు, మా హౌసుకు గోడలు లేవు, తలుపులు లేవు, జెండా ఉంది, పోయినేడు కబడ్డీలో రెడ్ హౌస్ చేతిలో ఓడిపోయాం అని రాశాను.

సారు పిలిచారు. ఎగతాళి చేస్తున్నాననుకున్నారు. చెయ్యి చాపమన్నారు. చాపి, "మాది ఇల్లు కాదు సార్, క్వార్టరు" అన్నాను. ఆయన బెత్తం టేబుల్ మీద పెట్టేశారు. కాసేపు నా పుస్తకం మళ్లీ చదివారు. కింద ఎర్ర సిరాతో మార్కులేమీ వెయ్యకుండా, లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీసి హౌస్‌కు ఎన్ని అర్థాలున్నాయో రాసుకు రమ్మని రాశారు. నేను పదకొండు రాశాను. ఆ పైవి అప్పట్లో అర్థం కాలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో, ఊళ్లలో, ఆస్పత్రుల్లో ఒక్కొక్కటీ ఎదురయ్యాయి.

ముందు మన బడి హౌసుల సంగతి. ఇంగ్లండులో బోర్డింగ్ బడులుండేవి. అక్కడ పిల్లలు నిజంగానే వేరువేరు ఇళ్లలో ఉండేవారు. ఒక్కో ఇంటికి ఒక మాస్టరు పెద్దదిక్కు, ఆయనే హౌస్‌మాస్టర్. ఆటల్లో ఈ ఇంటి పిల్లలకూ ఆ ఇంటి పిల్లలకూ పోటీ. ఆ ఏర్పాటు మన దేశానికి వచ్చేసరికి ఇల్లు అక్కడే ఉండిపోయింది, పేరూ పోటీలూ మిగిలాయి. సాయంత్రం నాలుగున్నరకు ఎవరి కొంపలకు వాళ్లు పోయే పిల్లలకు కూడా హౌసులు పెట్టారు. నాకైతే అది మేలే చేసింది.

కొంప అన్నాను కదా, మన తెలుగు ఇక్కడ చాలా తిరకాసు. హాయిగా ఉన్నప్పుడు ఇల్లు, ఆపద వస్తే కొంప. కొంపలంటుకుంటాయి, కొంప మునుగుతుంది. ఇల్లు మునిగిందంటే వానొచ్చి నీళ్లొచ్చాయని అర్థం, కొంప మునిగిందంటే చుక్క నీరు అక్కర్లేదు. ఊళ్లో దొరది గడి, దాన్ని ఇల్లు అన్నవాడు లేడు. పేదవాడిది గుడిసె, దేవుడిది గుడి. ఆ రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చాయని భాష చదువుకున్నవాళ్లు చెప్తారు. తమిళంలో కుడి అంటే నివాసమే. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ముందు నుంచి రోజూ బస్సులో పోయేవాళ్లం. ఆ మాటకూ, దారిలో కనిపించే తాటాకు గుడిసెలకూ చుట్టరికం ఉందని ఆనాడు ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ణి కాదు.

పెళ్లయిన ఆడవాళ్లకు తెలుగులో రెండిళ్లు, తల్లిగారిల్లు, అత్తగారిల్లు. రెండింటి పేర్లలోనూ ఇంకొకరే ఉన్నారు. ఇంటిపని మాత్రం ఎక్కడైనా ఆమెదే. ఇల్లాలు అనే మాటలో ఇల్లు ఉంది, గృహిణిలో గృహం ఉంది. ఇంగ్లీషువాడు తక్కువేం తినలేదు. హస్‌బెండ్‌లో మొదటి సగం హౌసే. ఇల్లున్న ఆసామి అని దాని పాత అర్థం. ఇల్లూ పొలమూ గొడ్డూ గోదా చూసుకోవడం హస్బెండ్రీ అయింది. పశువుల దవాఖాన బోర్డు మీద 'యానిమల్ హస్బెండ్రీ' అని చదివి మనం పడీపడీ నవ్వేవాళ్లం, గుర్తుందా? ఇల్లు లేనివాడు హస్‌బెండ్ ఎట్లా అవుతాడని ఆ లెక్కన అడగొచ్చు. అడిగితే ఈ సభలో సగం మంది పెళ్లిళ్లు చెల్లవు, బ్యాంకు లోన్లు ఇంకా తీరలేదు.

ఎంజీఎం ఆస్పత్రిలో మా నానమ్మను చేర్పించినప్పుడు ఒక కుర్ర డాక్టరు రాత్రంతా వార్డులోనే తిరిగాడు. హౌస్ సర్జన్ అన్నారు. "అయితే ఇంటికొచ్చి చూస్తడా?" అని నానమ్మ సంబరపడింది. అక్కడ హౌస్ అంటే ఆస్పత్రే. ఒకప్పుడు ఆ చిన్న డాక్టర్లు ఆస్పత్రిలోనే మకాం ఉండేవారు కాబట్టి ఆ పేరు. మొత్తానికి తన ఇంటికి పోవడానికి తీరికలేనివాడు హౌస్ సర్జన్.

మన రాజ్యాంగంలో లోక్‌సభకు ఉన్న ఇంగ్లీషు పేరు హౌస్ ఆఫ్ ది పీపుల్. లోక్‌సభ అన్న పేరు 1954లో పెట్టుకున్నారు. తెలుగులో సభ అనేశాం. మంచిదే. ప్రజల ఇల్లు అని ఉంటే అక్కడి అరుపులు టీవీలో చూసి పక్కింటివాళ్లు కంప్లయింటు ఇచ్చేవాళ్లు. సినిమా హాలుకు హౌస్‌ఫుల్, క్లబ్బులో హౌసీ ఆట, టీవీల్లో హౌస్ అరెస్టు, ఇవన్నీ మీకు తెలిసినవే.

నా వృత్తిలోకి వస్తాను, ఐదు నిమిషాలే.

ఇంజనీరింగులో మనుషుల కన్నా మిషన్లకే హౌసులు ఎక్కువ. పవర్ హౌస్, పంప్ హౌస్, స్విచ్ హౌస్. మన జిల్లావాళ్లకు పంప్ హౌస్ అంటే దేవాదుల. ఏటూరునాగారం అవతల గంగారం దగ్గర గోదావరి నీళ్లు ఎత్తి, భీంఘన్‌పూర్ మీదుగా ధర్మసాగర్ దాకా తెచ్చారు. శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్ అయితే భూమి లోపల ఉంది. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. కిటికీ లేని ఇల్లు అది. 2020 ఆగస్టులో ఒక రాత్రి అక్కడ మంటలు లేచాయి. ఆ హౌస్‌లోకి డ్యూటీకి పోయిన తొమ్మిది మంది తిరిగి ఇళ్లకు రాలేదు. మా లాంటివాళ్లం ఆ రెండు మాటలూ ఒకటేనని అనుకోలేం.

నేను పనిచేసిన ఒక పంప్ హౌస్ నుంచి అర్ధరాత్రి ఫోన్ వచ్చింది. "సార్, హౌస్‌ల నీళ్లొచ్చినయ్." స్పీకర్‌లో మా ఆవిడ వింది. లేచి వంటింట్లోకి పరుగెత్తి బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించింది. నేను బండి తీసే లోపల ఆమెకు చెప్పాల్సింది, మన ఇల్లు కాదు అని. చెప్పలేదు. తెల్లారి వచ్చేసరికి సామానంతా మంచాల మీద ఉంది. ఆ ముచ్చట ఇప్పటికీ నా మెడకు చుట్టుకునే ఉంది.

మిషన్ల హౌసుల్లో నాకు ఇష్టమైనది బేరింగ్ హౌసింగ్. తిరిగే షాఫ్టును పట్టుకునేది బేరింగు, ఆ బేరింగు కూర్చునే ఇల్లు హౌసింగు. ఇల్లు వదులైతే బేరింగు బయటి రింగు కూడా తిరగడం మొదలుపెట్టి ఇంటినే అరగదీస్తుంది. మరీ బిగుతైతే లోపలి గోళీలకు సందు లేక వేడెక్కి కాలిపోతుంది. ఇంకో సంగతి ఉంది. మూడు మీటర్ల ఉక్కు షాఫ్టు నలభై డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు పొడుగవుతుంది. అందుకని ఒక చివర బేరింగును కదలకుండా బిగిస్తాం, రెండో చివర అటూ ఇటూ జరిగే సందు వదులుతాం. రెండు చివరలూ బిగించేసిన మిషను ఎక్కువకాలం నడవదు. కొత్తగా చేరిన పిల్లలు ఈ తప్పు చేస్తారు. నేనూ చేశాను, చీవాట్లు తిన్నాను.

ఇక్కడ ఉన్న టీచర్లకు హౌస్ మాట నా కన్నా బాగా తెలుసు. జనాభా లెక్కలకు ఎండలో తిరిగేది మీరే. గోడ మీద ఇంటి నంబరు రాసేది మీరే. సెన్సస్ లెక్కలో ఇల్లు వేరు, కుటుంబం వేరు. ఒక కప్పు కింద ఎంతమంది ఉన్నారన్నది ప్రశ్న కాదు, ఒక వంటలో తినేవాళ్లందరూ ఒక కుటుంబం. అంటే పొయ్యిని లెక్కపెట్టాలి. ఇంగ్లీషులో హౌస్‌హోల్డ్ అన్నదానికి ఇంతకన్నా మంచి అర్థం నాకు ఏ డిక్షనరీలోనూ దొరకలేదు. అన్నదమ్ములు గోడ కట్టకముందే పొయ్యి వేరు పెడతారని మన ఊళ్లలో ముసలమ్మలకు ఎప్పుడో తెలుసు.

2014 ఆగస్టు 19 మీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ వచ్చిన కొత్త. ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే. ఎవరి ఇంట్లో వాళ్లు ఉండాలన్నారు. ముంబై, భివండి, సూరత్‌లో మగ్గాల మీద, కూలి పనుల మీద ఉన్నవాళ్లు రెండు రోజుల ముందే బయలుదేరారు. కాజీపేట స్టేషన్‌లో ఆ జనాన్ని చూశాను, మేడారం జాతరకు తప్ప అంత జనాన్ని చూడలేదు. ఇరవై ఏళ్లుగా ఎక్కడో బతుకుతున్నవాళ్లు, ఊళ్లో తాళం పడ్డ పెంకుటిల్లు ముందు కూర్చుని లెక్కలో రాయించుకోవడానికి వచ్చారు.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. నాయిన 1996లో రిటైరయ్యాడు. క్వార్టరు అప్పజెప్పే రోజు గోడలకు తనే సున్నం వేశాడు. ఎవరూ అడగలేదు. తాళం ఇచ్చి రసీదు తీసుకున్నాడు. ఆ రసీదు ఆయన పెట్టెలో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత మేము కిరాయి ఇండ్లలో ఉన్నాం. 2003లో హనుమకొండలో నేను ఇల్లు కట్టాను. గృహప్రవేశం నాడు ఆయనతోనే పాలు పొంగించాం. అయినా ఎవరడిగినా "మా పిలగాని ఇల్లు" అనేవాడు. "నీ ఇల్లే నాయినా" అంటే, "ఆ, ఆ" అని ఊరుకునేవాడు. క్యాలెండరు తెస్తే గోడకు కొట్టకుండా కిటికీ ఊచకే కట్టుకున్నాడు. పదకొండేళ్లు అట్లాగే గడిచాయి. నాకు లోపల కష్టంగానే ఉండేది. ఏం లోటు చేశానా అనుకునేవాణ్ణి.

సర్వే రోజు మా వీధికి వచ్చింది ఒక టీచరమ్మ. మన బడిలోనే చదువుకుందని మాటల్లో తెలిసింది. నాయిన వరండాలో కుర్చీ వేయించుకుని పొద్దున ఏడు గంటల నుంచి ఆధార్ కార్డులు, గ్యాసు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పేర్లు రాసుకుంది, వయసులు రాసుకుంది. ఎంతమంది ఒక వంటలో తింటారని అడిగింది. నాయిన వేళ్లు లెక్కపెట్టి, హాస్టల్లో ఉన్న మనవరాలిని కూడా కలిపి చెప్పాడు. నేను సరిదిద్దలేదు.

"సొంతిల్లా, కిరాయా?" అని అడిగింది.

నేను కాగితాల కోసం లోపలికి లేవబోయాను.

"సొంతిల్లే రాయమ్మా" అన్నాడు నాయిన.

ఆమె టిక్కు పెట్టి, కప్పు రేకులా స్లాబా అని అడిగింది. నాయిన లేచి నిలబడి, ఆమెను మెట్ల మీదుగా పైకి తీసుకుపోయి స్లాబు చూపించాడు. మోకాళ్ల నొప్పులని రెండేళ్లుగా ఆయన ఆ మెట్లు ఎక్కలేదు.

క్యాలెండరు మాత్రం ఆయన పోయేదాకా ఊచకే ఉంది. భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శి సైగ చేస్తున్నాడు.