లారీకి ఆయిలు మీటరు బిగించుకోవడం



ధాన్యమో, మిరపకాయో, చెరకో తోలుకోవడానికి పాత లారీ కొనుక్కున్న రైతులు మన పల్లెల్లో ఉన్నారు. నలుగురు కలిసి ఒక బండి కొన్నవారూ ఉన్నారు. అలాంటి పాత బండ్లలో కొన్నింటికి ఆయిలు సంగతి చెప్పేది డాష్‌బోర్డు మీది ఎర్రదీపం ఒక్కటే. మీటరు ఉన్నా అది ఏనాడో చెడిపోయి, ముల్లు ఒక మూల పడుకుని ఉంటుంది.

ఆ ఎర్రదీపం ఎప్పుడు వెలుగుతుందో తెలుసునా? ఆయిలు ప్రెషరు దాదాపు అంతా పోయిన తరువాత. చాలా ఇంజన్లలో చదరపు సెంటీమీటరుకు సుమారు అర కిలోకు దిగితేగాని అది వెలగదు. నడిచేటప్పుడు ఉండవలసింది దానికి ఎన్నో రెట్లు. నాలుగు కిలోలు ఉండవలసిన చోట ఒక కిలోకు పడినా దీపం నోరు విప్పదు. ఈలోగా లోపల బేరింగులు అరుగుతూనే ఉంటాయి. కళ్లంలో ధాన్యం, నెత్తిన మబ్బు, దారిలో ఇంజను పట్టేసిన బండి! ఆ అవస్థ పడ్డవాడికే తెలుసు. ముల్లు ఉన్న మీటరైతే దిగజారుతున్న సంగతి ముందుగానే చూపిస్తుంది.

మీటర్లు రెండు రకాలు. ఒకటి కరెంటుతో పనిచేసేది. రెండవది సన్నని గొట్టం ద్వారా ఆయిలే మీటరు దాకా వచ్చేది. కరెంటు రకం కొనేవారు మీటరునూ, ఇంజనుకు బిగించే సెండరునూ ఒకే జతగా కొనాలి. ఒకదాని మీటరు, వేరొకదాని సెండరు కలిపితే ముల్లు అబద్ధం చెబుతుంది. పెద్ద లారీలకు సాధారణంగా 24 వోల్టులు, చిన్న బండ్లకు 12 వోల్టులు. 12 వోల్టుల మీటరు తెచ్చి 24కు తగిలిస్తే కాలిపోతుంది. గొట్టం రకానికైనా లోపలి బల్బుకు ఈ లెక్క తప్పదు.

పాత బండికి నాకు గొట్టం రకమే నచ్చుతుంది. కాని అందులో ఒక ప్రమాదం ఉంది. గొట్టం తెగిందా, ఇంజనులోని ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. అందుచేత బిగించే పని తొందరపడి చేయకూడదు.

ముందుగా ఇంజను చల్లారనివ్వండి. బ్యాటరీ నెగెటివు వైరు తీయండి. ఇంజను బ్లాకు మీద ఎర్రదీపపు స్విచ్చి ఉన్న చోటు వెతకండి. దాన్ని విప్పి, ఆ రంధ్రంలో మూడు దారుల జాయింటు బిగించాలి. ఒక దారిలో పాత స్విచ్చిని తిరిగి పెట్టండి, రెండో దారికి గొట్టం. దీపాన్ని మాత్రం తీసేయవద్దు. రాత్రిపూట డ్రైవరు కళ్లు రోడ్డు మీద ఉన్నప్పుడు దీపమే పిలుస్తుంది. జాయింటు మరలు బ్లాకు మరలకు సరిపోవాలి. రెండు చుట్లు చేత్తో తిరగకపోతే అది వేరే మర అన్నమాట. స్పానరుతో బలవంతం చేస్తే బ్లాకు మర చెడుతుంది, ఆ ఖర్చు మీటరు ఖర్చు కాదు! కొన్ని స్విచ్చీలకు ఎర్తు ఆ మరల గుండానే అందుతుంది, కాబట్టి టేపు మందంగా చుట్టకండి.

గొట్టం రాగిది మంచిది. ప్లాస్టిక్కు గొట్టం సైలెన్సరు పైపు వేడికి కరుగుతుంది. రాగికి ఉన్న జబ్బు వేరు. ఇంజను అదురుతుంది, డాష్‌బోర్డు అంతగా అదరదు. ఆ లాగుడుకు రాగి గట్టిపడి చిట్లుతుంది. అందుకని ఇంజను దగ్గర గొట్టాన్ని ఒకటి రెండు చుట్లు చుట్టి వదలాలి. కేబిన్ రేకులోనుంచి వచ్చే రంధ్రానికి రబ్బరు వాషరు తప్పనిసరి. లేకపోతే రేకు అంచే గొట్టాన్ని కోసేస్తుంది.

మీటరుకు 52 మిల్లీమీటర్ల రంధ్రం మామూలు కొలత. డాష్‌బోర్డు కోయడానికి మనసొప్పకపోతే కింద బ్రాకెట్టు వేసుకోవచ్చు. కోసేముందు రేకు వెనుక వైర్లున్నాయేమో చేయి పెట్టి చూడండి.

బ్యాటరీ తగిలించి స్టార్టు చేశాక కొద్ది సెకన్లలో ముల్లు లేవాలి. లేవకపోతే వెంటనే ఆపేయండి. లేచినా, జాయింట్ల దగ్గర తడి ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. ఒక రోజు నడిచాక మళ్లీ చూడండి.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కువ చూపిస్తుంది, వేడెక్కి ఆయిలు పలచబడ్డాక తగ్గుతుంది. దానికి కంగారుపడవద్దు. ఎంత ఉండాలో మీ ఇంజను పుస్తకంలో చూడండి. మీటరు మీద పి.ఎస్.ఐ. అని ఉంటే, 14 పి.ఎస్.ఐ.లు సుమారు ఒక కిలో. దారిలో హఠాత్తుగా పడిపోతే మాత్రం బండి పక్కకు తీసి ఇంజను ఆపవలసిందే. ఊరు దాకా పోదామనుకోరాదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బండ్ల సంగతి వేరు. వాటిలో ఇంజను వైర్లకు కంప్యూటరు తగిలించి ఉంటుంది. ఆ వైర్లు కోయవద్దు, షోరూము మెకానిక్కును అడగండి.

బిగించిన మొదటి వారంలో, బండి బాగా వేడెక్కి నిదానంగా ఆడుతున్నప్పుడు ముల్లు ఎక్కడ ఉందో చూసి, అద్దం మీద రంగుతో చిన్న గీత పెట్టండి. ఆరు నెలలకు, అదే రకం ఆయిలుతో, అదే వేడిలో ముల్లు ఆ గీతకు కిందికి దిగితే ముందు డిప్‌స్టిక్కు తీసి ఆయిలు మట్టం చూడండి. తరువాత ఆయిలు వాసన చూడండి, డీజిలు కలిసి ఉండవచ్చు. రెండూ సరిగా ఉంటే, కోతలు మొదలయ్యేలోగా బేరింగులు చూపించుకోండి.