చోటు తప్పిన గర్భం



ఢిల్లీలో గానీ, పక్కనున్న నోయిడా, గురుగ్రాంలలో గానీ గర్భిణికి స్కానింగ్ చేస్తే ఫారం-ఎఫ్ నింపాల్సిందే. పుట్టబోయేది ఆడో మగో చెప్పకూడదంటూ 1994లో వచ్చిన చట్టం కింద పెట్టిన కాగితం అది. స్కానింగ్ ఎందుకు చేస్తున్నారో గుర్తుపెట్టే కారణాల జాబితా అందులో ఉంటుంది. గర్భం గర్భసంచిలోనే ఉందా, బయట ఉందా అని చూడటం ఆ జాబితాలో మొదటిది. మనిషి బతికుండగానే ఈ సంగతి తేల్చగలగడం నిన్నమొన్నటి ముచ్చట.

వెయ్యేళ్ల కిందట కార్డోబాలో అల్ జహ్రావీ అనే వైద్యుడు, ఒక స్త్రీ పొట్టమీది పుండులోంచి శిశువు ఎముకలు బయటికి రావడం చూసి రాసిపెట్టాడు. చూడగలిగాడు, అంతే.

1881లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో, గర్భం గర్భసంచికి చేరే ట్యూబులోనే నిలిచి, అది పగిలి లోపల రక్తం పోతున్న ఒకామెను చూడమని లాసన్ టెయిట్ అనే సర్జన్‌ను పిలిచారు. పొట్ట కోసి ట్యూబు తీసెయ్యమని తోటి వైద్యుడు అడిగాడు. టెయిట్‌కు ధైర్యం చాల్లేదు. ఆమె చనిపోయింది. తీరా శవపరీక్షలో చూస్తే, రక్తనాళానికి ముడి వేసి ఉంటే ప్రాణం దక్కేదే. 1883లో ఆయన అదే ఆపరేషన్ చేసి ఒక స్త్రీని బతికించాడు. ఢిల్లీలో లేడీ హార్డింజ్ వైద్య కళాశాల తెరిచిన 1916 నాటికి కూడా ఎక్కడైనా వైద్యం అదే, పొట్ట కోయడం.

కోయాలా వద్దా అన్నది చాలా ఏళ్లు సూదే చెప్పింది. యోని వెనక గోడలోంచి సూది గుచ్చి లాగేవారు. సిరంజిలోకి వచ్చిన రక్తం గడ్డకట్టకపోతే ఇక థియేటర్‌కు పరుగే. పొట్టలో చేరిన రక్తం పైకెగబాకి డయాఫ్రాన్ని తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. నెల తప్పిన మనిషి "భుజం లాగుతోంది" అంటే అనుభవమున్న డాక్టరు ఈనాటికీ ఉలిక్కిపడతారు.

1958లో గ్లాస్గో నుంచి ఇయన్ డొనాల్డ్ అనే వైద్యుడి అల్ట్రాసౌండ్ బొమ్మలు, 1972లో గర్భ హార్మోన్‌ను కచ్చితంగా కొలిచే రక్తపరీక్ష, ఆ తర్వాత చిన్న గాట్లతో లాప్రోస్కోపీ వచ్చాయి. ట్యూబు పగలకముందే పట్టుకోవడం కుదిరింది. 1982లో జపాన్ వైద్యులు మందుతోనే గర్భాన్ని కరిగించారు. ఆ మందు మెథోట్రెక్సేట్. అది పుట్టింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల్లో. జపాన్‌లో ఆ మందు తొలిసారి వాడింది మామూలు ట్యూబు గర్భానికి కాదు. ట్యూబు గర్భసంచి గోడలోకి దూరే చోట నిలిచిన అరుదైన గర్భానికి.

నా భయమంతా ఈ అరుదైన వాటి గురించే. ట్యూబు గోడలోకి దూరే ఆ చోట కండ మందంగా ఉండి సాగుతుంది కాబట్టి గర్భం కొన్ని వారాలు ఎక్కువ పెరిగి, పగిలినప్పుడు ధారగా రక్తం పోతుంది. గర్భసంచికి పక్కన సగం ఎదిగిన కొమ్ములాంటి భాగంలో నిలిస్తే, పైపైన చూసిన స్కానింగ్‌లో అంతా సవ్యంగానే కనబడొచ్చు. తేలాక ఆ కొమ్మునే కోసి తీసేస్తారు. పేగుల మీద మాయ అతుక్కున్న గర్భంలో ఒక్కోసారి బిడ్డను తీసి మాయను అక్కడే వదిలేస్తారు. పీకితే రక్తం ఆగదు.

పాత సిజేరియన్ కుట్టుమచ్చలో నిలిచే గర్భం వైద్య పత్రికకెక్కింది 1978లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఇక అది మనకు అరుదుగా ఎన్నాళ్లుంటుంది? దాన్ని మామూలు గర్భస్రావమనుకుని గీకితే ప్రమాదం. ముందే గుర్తిస్తే లాప్రోస్కోప్‌తో మూత్రాశయాన్ని కిందికి జరిపి, మచ్చతో సహా గర్భాన్ని కోసి తీసి, గోడను కొత్తగా కుడతారు. గర్భసంచి నిలుస్తుంది. అందుకే సిజేరియన్ అయినవారు మళ్లీ నెల తప్పితే ఆరేడు వారాలకే స్కానింగ్‌కు వెళ్లి, గర్భం మచ్చకు ఎంత దూరంలో ఉందో అడగాలి.