అరవై దాటిన ఇల్లాలి శ్రమ

ఈ స్మారకోపన్యాసం చేయమని అమ్మగారి పిల్లలు అడగ్గానే ఒప్పుకున్నాను. సత్యనారాయణపురంలో వారి మేడమీది గదిలో అద్దెకుండి చదువుకున్నవాణ్ణి. పరీక్షల రోజుల్లో నా గదిలో లైటు వెలుగుతోందంటే చాలు, గ్లాసుడు మజ్జిగ పైకి వచ్చేది. నాకు తల్లి చిన్నతనంలోనే పోయింది. కొత్తావకాయ కలిపిన ముద్ద చేతిలో పెట్టించుకోవడం ఆ ఇంట్లోనే ఎరుగుదును. అమ్మగారు తొంభై దాటి బతికారు. ఇంతకు మించి చెప్పబోతే గొంతు పూడుకుపోతుంది. విషయానికి వస్తాను.

ఇంటిపనికి విలువ కట్టాలన్న వాదం మీకు కొత్త కాదు. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉండేది, పురుషుడు 97 నిమిషాలు. గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి ఒకే గాట కట్టిన 2001 జనగణనను సుప్రీంకోర్టు 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో తప్పుపట్టింది. 2021 జనవరి 5న రోడ్డు ప్రమాద పరిహారం మీద వచ్చిన కీర్తి కేసులో, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాసి, గృహిణికి ఆదాయం లెక్కగట్టడమంటే ఆమె శ్రమను గుర్తించడమేనన్నారు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

నా పేచీ 2001 నాటి లతా వాధ్వా తీర్పుతో. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో టాటా వ్యవస్థాపక దినోత్సవ వేదిక దగ్గర మంటలు రేగి ఎందరో చనిపోయారు. వారిలో గృహిణులున్నారు. 34 నుంచి 59 ఏళ్ల వారి సేవలకు పరిహారం లెక్కలో కోర్టు నెలకు 3,000 రూపాయలు కట్టింది, అంటే ఏడాదికి 36,000. 62 నుంచి 72 ఏళ్ల వారికి మాత్రం ఏడాదికి 20,000. అంతకుముందు వేసిన 10,000 న్యాయం కాదని కోర్టే పెంచింది, ఆ మేలు కాదనను. కానీ 36,000 దగ్గరికి ఎందుకు రాలేదు?

న్యాయశాస్త్ర మిత్రులు దీనికి ఒక జవాబు చెబుతారు: పెద్దవయసులో మిగిలిన ఏళ్లు తక్కువ కదా అని. ఆ తక్కువను చూసుకోవడానికే, ఏడాది విలువను హెచ్చవేసే గుణకం ఉంది. ఆ కేసులోనే వృద్ధ స్త్రీలకు గుణకం 8. ఆ తర్వాత 2009లో సరళా వర్మ తీర్పు 65 దాటినవారికి దాన్ని 5 చేసింది. మిగిలిన ఏళ్ల లెక్క అక్కడితో తీరిపోయింది. ఏడాది పని విలువలో మళ్లీ కోత పెడితే ఒకే వయసుకు రెండుసార్లు తగ్గించినట్టు కాదా? నేను ఎన్ని సభల్లో అడిగినా ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా సమాధానం రాలేదు.

ఒంట్లో ఓపిక తగ్గుతుంది కాబట్టి పనీ తగ్గుతుందన్నది ఇంకో వాదం. ఇలా అనేవాళ్లు డెల్టాలో ఒక వేసవి గడిపి చూడాలి. కాలువలు కట్టేసే లోపు ఊరి మంచినీళ్ల చెరువు నిండిందో లేదో కనిపెట్టి ఉండేది, ఏ చెట్టు కాయ ఊరగాయకు పనికొస్తుందో కొరికి చెప్పేది, పురిటికొచ్చిన కూతురికి పథ్యం పెట్టేది ఎవరు? కోడలు ఉద్యోగానికి వెళితే పసివాణ్ణి సాయంత్రం దాకా ఎత్తుకునేది ఎవరు? బరువులెత్తడం తగ్గొచ్చు, ఇల్లు నడిపే బాధ్యత వయసుతో పెరుగుతుంది. కీర్తి కేసులో చనిపోయిన దంపతులు చిన్నవయసువాళ్లు కనుక పెద్దవయసు ఇల్లాలి పనికి విలువెంత అన్న ప్రశ్న అక్కడ తేలే అవకాశం లేకపోయింది. తేలవలసిన ప్రశ్న మాత్రం ఇదే.

పెద్దవయసులోనూ పని తగ్గదనడానికి సాక్ష్యం కావాలి. అమ్మగారి పిల్లలు నాకు ఆమె పద్దుల పుస్తకం ఇచ్చారు. డెబ్బై దాటాక రాసింది. ఒక పేజీలో పెన్సిలుతో పాల పద్దు, పాలు రాని రోజుకు సున్నా. దాని కిందే ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు. పక్కన, పోయినేడు ఉప్పు ఎక్కువైందని ఒక ముక్క. పేజీ అంచున మనవడికి జ్వరం వచ్చిన తిథి, మందు వేసిన వేళలు. ఒకే పేజీలో వంట, నిల్వ, వైద్యం, జమాఖర్చు అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు నేను చేస్తున్న పని ఇలాంటి పుస్తకాలను కూడబెట్టడం. గుడివాడ, అవనిగడ్డ, తెనాలి, రేపల్లె వైపు ఇళ్లలో అటకల మీద ఇవి ఉన్నాయి. కొందరు పంచాంగం అంచుల్లో రాశారు, కొందరు క్యాలెండరు గళ్లలో. అరవై దాటాక రాసిన పేజీలను వేరుచేసి, ఏ పనికి ఎంత పొద్దు పట్టిందో ఆ ఇళ్లవాళ్లనే అడిగి పక్కన రాయిస్తున్నాను. 1977 ఉప్పెనలో దివిసీమలో ఇళ్లే కొట్టుకుపోయాయి, ఇక కాగితాల మాట చెప్పేదేముంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు మరికొన్ని నానిపోయి ఉంటాయి. మీ ఇళ్లలో ఉన్నవి చిత్తుకాగితాల్లో కలిపేముందు నాకు ఒకసారి చూపించండి. ఫొటో తీసుకుని పుస్తకం మీకే తిరిగి ఇస్తాను. రేపు ఏ వృద్ధురాలి కేసులోనైనా ఏడాదికి ఎంత అన్న ప్రశ్న లేస్తే, వకీలు చేతికి ఇవ్వడానికి ఆ పేజీలు సిద్ధంగా ఉండాలి.